ఫర్నేస్ గదిలో నురగ

ప్రసాదరావు అంకుల్ ఫోన్ చేసినప్పుడు నేను ఒషావాలో మా ఇంటి ముందు మంచు తీస్తున్నాను. ఆయన భార్య ఎస్తేరు ఆంటీ పోయి అప్పటికి కొన్ని వారాలే అయింది. ఆయన ఫోన్లో రెండు ముక్కలకు మించి మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం గొంతు సవరించుకుని, "అమ్మా వాసంతీ, ఈ ఆదివారం మా చర్చిలో ప్రభు బల్ల ఉంది. రొట్టెతో పాటు అందరికీ పంచే ద్రాక్షరసం ఎప్పుడూ మీ ఆంటీయే కాచేది. కొట్లో సీసాలు దొరుకుతాయిలే అంటున్నారందరూ. నాకే మనసొప్పటం లేదు. నువ్వు ఆవిడ పక్కన నిలబడి చూసేదానివి కదా, ఒక్కసారి వచ్చి కాచి పెడతావా," అన్నారు. నేను ఆ చర్చి మనిషిని కాను. తెనాలిలో ఏడాది పొడవునా నోములూ వ్రతాలూ జరిగే ఇంట్లో పుట్టినదాన్ని. ఆ మాట గుర్తు చేద్దామని నోటిదాకా వచ్చింది కానీ, అది నాకంటే ఆయనకే బాగా తెలుసు. వస్తానంకుల్ అని చెప్పి, మా వారికి కూరలు ఎక్కడున్నాయో చూపించి, శనివారం పొద్దున్నే విండ్సర్‌కి కారెక్కాను.

చదువుకునే రోజుల్లో నేను అద్దెకున్న ఆ ఇల్లు అలాగే ఉంది. గుమ్మం దగ్గర ఆంటీ బూట్లు ఇంకా తీయలేదు. కాచడానికి పెద్ద గిన్నె బేస్‌మెంట్‌లో, ఇల్లంతటినీ వెచ్చబెట్టే ఫర్నేస్ గదిలో అటక మీద ఉందని అంకుల్ చెబితే దిగి వెళ్ళాను. గిన్నె అందుకోబోతూ తలెత్తి చూద్దును కదా, సీలింగ్ మీద మరక. పెద్ద పళ్ళెమంత, కాఫీ ఒలికినట్టు గోధుమరంగులో, అంచుల్లో చిన్న చిన్న చుక్కలతో. ఇన్నేళ్ళుగా దాని మీద ఎవరూ రంగు వేయలేదు. మనిషి పోయిన ఇంట్లో, పైన ఆయన ఒక్కరే కూర్చుని ఉండగా, నేను కింద నిలబడి నవ్వుకున్నాను. తరవాత నా నోరు నేనే మూసుకున్నాను.

మేము వచ్చిన ఆ ఏళ్ళలో మన పిల్లలు ఈ దేశానికి విమానాల నిండా దిగేవారు. ప్రతి ఒక్కరి సూట్‌కేసులోనూ ఒక ప్రెషర్ కుక్కరు, దానికి సొట్ట పడకుండా చుట్టూ అమ్మ పాత చీర. కాలేజీలో సీట్లు దొరికేవి కానీ పడుకోవడానికి చోటు దొరికేది కాదు. నా రూమ్మేట్ స్వప్న అంతకు ముందు ఒక హాల్లో, సోఫాకీ గోడకీ మధ్య పరుపు వేసుకుని గడిపింది. వాళ్ళది జనగామ దగ్గర పల్లె. మనిషి సన్నగా, మాట పదునుగా ఉండేది. ఎస్తేరు ఆంటీ బేస్‌మెంట్ ఆడపిల్లలకే అద్దెకిచ్చేది. మేము గది చూసుకోవడానికి వెళ్ళిన రోజే చేతిలో చపాతీల కర్రతో నిలబడి తన షరతు చెప్పేసింది. "ఎప్పుడన్నా రండి, ఏదన్నా వండుకోండి. ఎండుచేపలు వేయించుకుంటే నాక్కూడా పెట్టండి. కానీ ఈ ఇంట్లో సిగరెట్టూ సీసా అనేవి కనపడకూడదు. మా పెద్దన్నయ్య తాగి తాగి పోయాడు. వాడి శవం పక్కన కూర్చున్నదాన్ని నేను." మేమిద్దరం బుద్ధిగా తలూపాం. తలూపడానికి అభ్యంతరమేముంది, మేమెవరమూ తాగే బాపతు కాదు.

ఆంటీది నరసాపురం వైపు. ఒక వృద్ధుల ఆశ్రమంలో వంట చేసి వచ్చి, మళ్ళీ ఇంట్లో పొయ్యి వెలిగించేది. పాట పాడుతూ ఉల్లిపాయలు తరిగేది. పాట ఆగిందంటే ఏదో మాడుతోందని అర్థం. అంకుల్ కార్ల ఫ్యాక్టరీలో నడుము పోగొట్టుకుని ముందే రిటైరైన మనిషి. ఆయనకి ఇంట్లో ఏ యంత్రం ఏ చప్పుడు చేస్తుందో తెలుసు, ఫ్రిజ్ కొంచెం గట్టిగా మూలిగినా లేచి వెళ్ళి చెవి పెట్టి వినేవారు. నెలకోసారి శనివారం నాడు ఇల్లంతా ద్రాక్ష వాసన కొట్టేది. ఆంటీ నల్లద్రాక్ష కడిగి, ఉడికించి, పాత పంచె గుడ్డలో వడకట్టి, సలసలా కాగుతుండగానే సీసాల్లో పోసి బిగించేది. నేను పక్కన గరిటె పట్టుకుని నిలబడేదాన్ని. సీసాలో ఎక్కడన్నా ఒక బుడగ లేచిందంటే ఆవిడ ముఖం మారిపోయేది. "రసంలో నురగ వచ్చిందంటే అది సారా అవుతున్నట్టేనమ్మా. పారబోసెయ్యడమే," అనేది. ఆ సీసా ఎంత పెద్దదైనా సింకులో వంపేసేది.

ఆ ఇంట్లో నురగకు చోటున్నది ఒక్క దోసెల పిండిలోనే. చలికాలంలో ఈ దేశంలో పిండి పొంగించడం ఎంత యాతనో ఇక్కడ కాపురం చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పెట్టిన పిండి పెట్టినట్టే సిమెంటులా కూర్చుంటుంది. ఆంటీయే మాకు ఉపాయం నేర్పింది. గిన్నెకి దుప్పటి చుట్టి ఫర్నేస్ పక్కన పెడితే తెల్లారేసరికి మూత ఎత్తుకుని మరీ పైకొచ్చేది. ఫర్నేస్ గదిలో ఎప్పుడు చూసినా దుప్పటి కప్పుకున్న గిన్నె ఒకటి ఉండేది. ఆంటీ మెట్ల మీద నుంచే కేకేసేది, "పిండి పొంగిందా అమ్మాయిలూ?" అని.

స్వప్న చదివేది ఫుడ్ టెక్నాలజీ డిప్లొమా. అందులో కో-ఆప్ తప్పనిసరి. ఏదో ఒక కంపెనీలో ఒక టర్మ్ పనిచేస్తే గానీ కోర్సు పూర్తి కాదు. ఒక్కో ఖాళీకి క్లాసు క్లాసంతా అప్లై చేసేవాళ్ళు. బిస్కెట్ల కంపెనీ, చీజ్ కంపెనీ, పచ్చళ్ళ కంపెనీ, అన్నీ స్వప్నకి సారీ చెప్పాయి. ఆఖరికి నది ఒడ్డున ఒక చిన్న బీరు తయారీ చోటు మిగిలింది. దాని ఓనరు తెల్లజుట్టున్న పొడుగాటి ఆవిడ. ఇంటర్వ్యూలో మీ నాన్న ఏం చేస్తారని అడిగితే స్వప్న ఉన్నమాట చెప్పింది. తాటిచెట్టెక్కి కల్లు గీస్తాడని. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుందట. చెట్టు మీద కుండలో తయారయ్యే కల్లు గురించి చాలాసేపు అడిగి, మొలకెత్తిన బార్లీతో చేసే మాల్ట్ పాకం ఒక డబ్బాడు, బీరులో వేసే చేదు పువ్వులు, పులియబెట్టే ఈస్టు పొట్లం, మూతున్న తెల్ల బకెట్టు చేతికిచ్చి, "ఇంట్లో కాచి తీసుకురా. బాగా కుదిరితే ఆ ఉద్యోగం నీదే," అందట. అప్పటికి గడువు దగ్గర పడింది. ఈ బకెట్టు చెడితే ఇంకో బకెట్టు కాచే టైము లేదు. కో-ఆప్ లేకపోతే కోర్సు లేదు, కోర్సు లేకపోతే ఆపైన ఏమీ లేదు. స్వప్న ఇంటికొచ్చి బకెట్టు మంచం మీద పెట్టి దాని పక్కన కూర్చుంది.

"ఆంటీకి చెబుదామా?" అన్నాను.

"నీకేమన్న పిచ్చా వాసూ? చెప్తే ఇద్దర్నీ మంచుల నిలవెడతది," అంది.

ఆదివారం వాళ్ళు చర్చికెళ్ళిన వేళ చూసుకుని కాచాం. ఇల్లంతా రాగిజావ కాచినట్టు కమ్మటి వాసన. చల్లార్చి, ఈస్టు చల్లి, మూత బిగించి, మూతలో ఉన్న చిన్న గొట్టంలో నీళ్ళు పోశాం. లోపలి గాలి ఆ నీళ్ళలోంచి బుడగలుగా బయటికి పోవాలి, బయటిది లోపలికి రాకూడదు. ఇంతవరకూ కాగితం మీద ఉన్నట్టే చేశాం. ఆ తరవాత మా సొంత తెలివి మొదలైంది. బేస్‌మెంట్ చల్లగా ఉంది కదా, పాపం చలికి పొంగదేమోనని బకెట్టుకి దుప్పటి చుట్టి ఫర్నేస్‌కి ఆనించి పెట్టాం, పిండి గిన్నె పక్కనే. ఎవరన్నా చూసినా రెండు గిన్నెల పిండి అనుకుంటారని ఒకరినొకరం మెచ్చుకున్నాం కూడా.

పొంగడం అంటే అలా ఇలా కాదు. మర్నాటికే గొట్టం బుడుగు బుడుగుమంటూ ఆగకుండా మోగింది. అంకుల్ పైనుంచి "ఆ చప్పుడేంటమ్మా" అంటే "పైపులో నీళ్ళు అంకుల్" అని నేనే బుకాయించాను. ఇంకో రోజు గడిచాక మూత కొంచెం తెరిచి చూస్తే ఒక అడుగు వెనక్కి వేశాను. పైన తెల్లటి నురగ కాదు, మట్టిరంగు మెత్తటి తెప్ప. దాని మీద నల్లటి మచ్చలు, ఆకుపచ్చ నలకలు, అక్కడక్కడా గుడ్డుసొన గడ్డకట్టినట్టు ముద్దలు. బకెట్టు గోడల చుట్టూ జిడ్డు. నెట్‌లో వెతికితే అచ్చం అలాంటి ఫొటోలే వచ్చాయి. సగంమంది అది మామూలే అన్నారు, సగంమంది వెంటనే పారబోయమన్నారు. ఆ రెండో సగమే మా కళ్ళకు కనపడింది. స్వప్న వాళ్ళ నాన్నకి వీడియో కాల్ చేసి బకెట్టు చూపించింది. ఆయన అక్కడ అరుగు మీద కూర్చుని కళ్ళు చిట్లించి చూశాడు.

"నురుగు తెల్లగుండాలె బిడ్డా. గట్ల మట్టిరంగు వడ్డదంటే లొట్టి కరాబైనట్టే. పారవొయ్యి, లొట్టి మంచిగ కడుక్కో," అన్నాడు. లొట్టి, అంటే కల్లుకుండ, ఎలా ఉండాలో పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మనిషి ఆయన. ఆ మాటకి తిరుగేముంది? స్వప్న ఫోన్ పెట్టేసి నేల మీద కూలబడింది. "ఆ ఓనరావిడకి ఫోన్ చేసి అడుగు," అన్నాను. "పరీక్షల కూసొని టీచర్నే జవాబడుగుతరా?" అంది. రెండు రోజులు ఇదే రగడ. నేను ఉంచుదామంటే తను పారబోద్దామనేది, తను ఉంచుదామనేసరికి నాకు భయం పట్టుకునేది. మాకు తలప్రాణం తోకకొచ్చింది. బకెట్టు మాత్రం దుప్పట్లో వెచ్చగా కూర్చుని ఇంకా ఇంకా పొంగుతూనే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం పైన ఆంటీ ఇంట్లో ఉపవాస ప్రార్థన కూడిక. చర్చి ఆడవాళ్ళంతా వచ్చి పాట అందుకున్నారు. నేను బట్టలు మడత పెడుతున్నాను. అప్పుడు ఫర్నేస్ గదిలోంచి ఢామ్మని ఒక చప్పుడు. పైన పాట ఆగిపోయింది. వెళ్ళి చూస్తే మూత లేదు. గొట్టంలో ఆ పువ్వుల నలకలు అడ్డుపడి, గాలి పోయే దారి లేక, మూత ఎగిరి సీలింగ్‌కి కొట్టుకుని ఫర్నేస్ వెనకాల పడింది. సీలింగ్ నుంచి నురగ టపటపా కారుతోంది. కొక్కేనికి తగిలించిన అంకుల్ కొత్త కోటు మీద, దోసెల పిండి గిన్నె మీద, స్వప్న జుట్టు మీద, అంతటా నురగే. మొదట దిగినవారు అంకుల్. ఫర్నేస్ పేలిందనుకుని స్విచ్ ఆపేసి, దానికి చెవి ఆనించి విన్నారు. ఆయన వెనకాల ఆంటీ, ఆవిడ వెనకాల మెట్ల నిండా కూడిక మొత్తం.

ఆంటీ బకెట్టు చూసింది, మమ్మల్ని చూసింది. ముక్కు కొంచెం ఎగబీల్చింది. ఆవిడకి తెలిసిపోయిందని నాకు తెలిసిపోయింది. "మీరు పైకెళ్ళి పాట అందుకోండమ్మా, నేనొస్తాను," అని అందర్నీ పంపేసింది. అంకుల్ తన కోటు వంక దిగులుగా చూస్తూ అక్కడే ఉండిపోయారు.

"ఇదేంటి?" అంది ఆంటీ.

స్వప్న ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. "బీరు ఆంటీ. తాగెతందుకు కాదు. ఇది మంచిగ చేసిస్తే నాకు కో-ఆప్ ఇస్తరు. కానీ కరాబైంది. ఇగ పారవోస్త," అని, బకెట్టు రెండు చేతులా ఎత్తి, మూలనున్న నీళ్ళు పోయే కన్నం దగ్గరికి నడిచింది. ఏడుపు ఆపుకోలేకపోతోంది. నేను ఆంటీ ముఖం చూస్తున్నాను. సీసాలో ఒక్క బుడగ లేస్తే సింకులో వంపేసే మనిషి. అన్నని పోగొట్టుకున్న మనిషి. ఆవిడ కోరుకునేది సరిగ్గా ఆ క్షణంలో జరుగుతోంది, వద్దనాల్సిన పని లేదు.

"ఆగు," అంది ఆంటీ. "పాడైందని నీకెవరు చెప్పారు?"

"మా నాయిన. ఆయనకు తెల్వంది లేదు. కల్లు గీస్తడు."

"మీ నాన్న చెట్టెక్కుతాడా?"

"రోజూ ఎక్కుతడు ఆంటీ. దాంతోనే నన్ను సదివించిండు."

ఆంటీ మెట్టు మీద కూర్చుంది. పైన పాట మళ్ళీ మొదలై ఒక చరణం అయిపోయింది. "అన్నయ్య పోయినప్పుడు ఆ కల్లు పోసినోళ్ళని, తీసినోళ్ళని ఎంత తిట్టుకున్నానో," అంది నెమ్మదిగా. "వాళ్ళకీ పిల్లలుంటారని అప్పుడు తట్టలేదు." తరవాత లేచి పైట దోపుకుంది. "ఇది నా ఇంట్లో ఉండడం నాకిష్టం లేదు. ఆ సంగతి తరవాత మాట్లాడుకుందాం. కానీ పిల్ల బతుకుతెరువు తెలిసీ తెలీకుండా కన్నంలో పోయడానికి నేనొప్పుకోను. నీకిచ్చింది ఎవరు? ఆవిడకి ఫోన్ చెయ్యి."

"నాకేం రాదనుకుంటది ఆంటీ."

"రాకే కదా నేర్చుకోడానికి పోతున్నావ్. చెయ్యి."

స్పీకర్ పెట్టి చేసింది. స్వప్న ఇంకా ఏడుస్తుంటే నేనే జరిగింది చెప్పాను. మూత సీలింగ్‌కి తగిలిందనగానే అవతల ఆవిడ నవ్వు ఎంతకీ ఆగలేదు. తరవాత అడిగిన మొదటి ప్రశ్న, "వాసన ఎలా ఉంది?" మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. ఇన్ని రోజులు ఫొటోలు చూశాం, రంగు చూశాం, మచ్చలు చూశాం. ముక్కు పెట్టి వాసన చూడాలని ఇద్దరికీ తట్టలేదు. స్వప్న ముక్కు ఏడుపుతో పూడుకుపోయింది. నేను వంగబోతుంటే ఆంటీ నన్ను పక్కకి జరిపి, ఒక చేత్తో పైట పట్టుకుని, బకెట్టు మీదికి వంగింది. పులిసిన కంపు కొడుతుందని ముఖం ముందే ముడుచుకుంది. మెల్లగా ఆ ముడతలు విడిపోయాయి.

"అరటిపండు," అంది. "మగ్గిన అరటిపండు వాసన. బాగుంది కూడానూ."

నేను ఇంగ్లిష్‌లో చెప్పాను. అవతలావిడ, అయితే మీ బీరుకేమీ కాలేదు, మరీ వేడి చోట పెట్టారు, ఎక్కడ పెట్టారు అని అడిగింది. ఫర్నేస్ పక్కన, దుప్పటి చుట్టి, అని చెప్పాక మళ్ళీ నవ్వింది. అప్పుడు నిదానంగా అన్నీ విడమరిచింది. ఈస్టు తీపిని తింటూ గాలి వదులుతుంది, ఆ గాలే నురగ. ఆ మట్టిరంగు ఈస్టుదీ, మాల్ట్‌దీ. ఆకుపచ్చ నలకలు చేదు పువ్వువి. ఇంకొన్నాళ్ళకి నురగంతా తనే కుంగిపోయి గోడల మీద ఒక చార మిగులుతుంది, అది చూసి చచ్చిపోయిందని ఏడవకండి, పని అయిపోయిందని అర్థం. భయపడాల్సింది నురగకి కాదు. మీద ముడతలు పడ్డ పొడి పొర కట్టినా, బొచ్చులా బూజు లేచినా, ముక్కు పెట్టలేనంత కంపు వచ్చినా అప్పుడు నాకు చెప్పండి అంది. ఫోన్ పెట్టాక స్వప్న గోడకి చేరబడి నురగ జుట్టుతోనే నవ్వడం మొదలుపెట్టింది. నాకు ఒంట్లో ఉన్న బరువంతా దిగిపోయింది.

"మరి ఇది ఎక్కడ పెట్టాలి? గరాజ్‌లో అయితే గడ్డకట్టుద్ది," అన్నారు అంకుల్. ఆయన ఆ రోజు మాట్లాడిన మొదటి మాట అదే. చివరికి మెట్ల కింద, చెప్పుల అలమారా పక్కన చల్లటి మూలలో పెట్టించింది ఆంటీ. ఇదొక్కసారే, దీన్ని ఈ ఇంట్లో ఒక్కరూ నోట్లో పోసుకోకూడదు అని షరతు పెట్టింది. అయినా రోజూ పనిలోంచి వచ్చి, కోటు విప్పకుండానే మెట్ల కింద వంగి వాసన చూసేది. "అరటిపండు తగ్గిందమ్మా ఇవాళ," అని రిపోర్టు ఇచ్చేది. నురగ ఓనరావిడ చెప్పినట్టే కుంగిపోయిన రోజు స్వప్న మళ్ళీ కంగారు పడితే, "చెప్పిందిగా ఆవిడ, వాసన చూసి మాట్లాడు," అని కసిరింది కూడా.

బీరు సీసాల్లో నింపాక స్వప్నని కార్లో దింపింది ఆంటీయే. లోపలికి రానని, కార్లోనే కూర్చుని ప్రార్థన చేసుకుంది. బీరు అమ్మే చోటు ముందు కారాపి ఆ బీరు బాగా కుదరాలని ప్రార్థించిన మనిషి ఆ చర్చిలో ఇంకొకరు ఉండరు. ఓనరావిడ ఒక గుక్క తాగి, అరటిపండు వాసన కొంచెం ఎక్కువైంది, వేడి తగలడం వల్ల, అయితే శుభ్రంగా చేశావు, సోమవారం రా, అందట. స్వప్న బయటికొచ్చి తలూపగానే ఆంటీ స్టీరింగ్ మీద తల వాల్చేసింది. ఆ రాత్రి ఫోన్‌లో వాళ్ళ నాన్న అడిగాడట, "పులవలేదా మరి?" అని. పులవలేదని నమ్మించేసరికి స్వప్నకి చాలా సేపు పట్టింది.

స్వప్న ఇప్పుడు ఎడ్మంటన్‌లో ఒక పెద్ద బీరు కంపెనీలో టెస్టింగ్ చూస్తుంది. గడ్డకట్టే చలిలో నలుగురికి పని చెప్తుంది. నేను దోసెల పిండి కొట్లో డబ్బాల్లో కొంటాను, అది పొంగిందో లేదో చూసుకునే పని లేదు. మా అమ్మాయికి ఏదన్నా అనుమానం వస్తే నన్నడగదు, ఫోన్నే అడుగుతుంది, నాకు మాత్రం ఇంగ్లిష్‌లో "ఇట్స్ ఫైన్ మామ్" అంటుంది. తనకి మంచిదే, మాలా రెండు రోజులు కుమిలిపోనక్కర్లేదు. మేము పిండికి పనికొచ్చే బుద్ధి, కల్లుకి పనికొచ్చే బుద్ధి మూటగట్టుకొచ్చి, ఇక్కడ కనిపించిన ప్రతిదాని మీదా వాడేవాళ్ళం. కొన్ని పేలేవి. కానీ పేలినప్పుడు మెట్లు దిగి వచ్చే మనిషి ఒకావిడ ఆ ఇంట్లో ఉండేది. ఆవిడ లేకపోతే స్వప్న ఆ రోజు బకెట్టు వంపేసి ఉండేదే, నేను పక్కన నిలబడి చూసి ఉండేదాన్ని. ఇన్నేళ్ళ తరవాత కూడా అది తలుచుకుంటే అమ్మయ్య అనిపిస్తుంది నాకు.

ఈసారి వచ్చిన శనివారం మధ్యాహ్నానికి ద్రాక్ష కడిగి, గిన్నె పొయ్యి మీద పెట్టాను. ఆంటీ పాడే పాట నాకు రాదు, ఊరికే గరిటె తిప్పాను. అంకుల్ అంతసేపూ బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని ఖాళీ సీసాలు తుడుస్తున్నారు. ఆయన ఎప్పుడూ వంటగదిలో కూర్చుని ఈ పని చూసినవారు కాదు. మరుగు పట్టగానే గిన్నె అంచుల నుంచి గులాబీరంగు నురగ బుసబుసా లేచింది. ఆయన కుర్చీలోంచి లేచిపోయారు.

"నురగొస్తోందమ్మా. పాడైపోయిందా? పారబోసెయ్యాలేమో, మీ ఆంటీ అయితే..."

నేను మంట తగ్గించి పక్కకి జరిగాను. "వాసన చూడండి అంకుల్," అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి, నడుము పట్టుకుని, గిన్నె మీదికి వంగారు. ఆవిరి ముఖానికి కొట్టింది. అలాగే చాలాసేపు ఉండిపోయారు. నేను గరిటెతో నురగ తీయకుండా ఆగాను. తరవాత లేచి చొక్కా చేత్తో ముఖం తుడుచుకుని, "బాగానే ఉందమ్మా, ఆంటీది లాగే ఉంది," అని సీసాలు తెచ్చి వరసగా నా పక్కన పెట్టారు.